పెట్టుడు గోళ్ళ ముప్పు ముందుగా పార్లరు అమ్మాయిలకే!

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడితే ఒకప్పుడు కంసాలి కొట్టు, బట్టల కొట్టు, వంటవాళ్ళ ఇళ్ళు కిటకిటలాడేవి. ఇప్పుడు వాటి సరసన బ్యూటీ పార్లరు కూడా చేరింది. తెనాలి, పొన్నూరు, బాపట్ల వంటి పట్టణాలలోనే కాదు, మండల కేంద్రాలలోనూ, పెద్ద గ్రామాలలోనూ పార్లర్లు వెలిశాయి. మొన్నమొన్నటి దాకా ముఖానికి పూత, జడకు పూలు, చేతులకు మెహందీతో సరిపెట్టుకున్న పెళ్ళికూతుళ్ళు ఇప్పుడు గోళ్ళ దగ్గరకు వచ్చారు. పొడవాటి మెరిసే గోళ్ళు, వాటి మీద రాళ్ళు, పూసలు, పూల బొమ్మలు. పెళ్ళికి వచ్చిన చుట్టాల పిల్లలు వాటిని చూసి తమకూ కావాలని మారాం చేయడం, ఫ్యాన్సీ షాపులో ఒక డబ్బా కొని ఇంట్లోనే అతికించుకోవడం మామూలైపోయింది.

ఆడపిల్లల ముచ్చటను తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాలం చెడిపోయిందని రచ్చబండ మీద కూర్చుని నిట్టూర్చే పెద్దలకు ఇందులో సరుకు దొరకదు. అయితే ఆ గోరును వేలి మీద నిలబెట్టే మందు ఏమిటి, అది ఒంటికి తగిలితే ఏమవుతుంది అనే సంగతి మన వైపు ఎవరూ చెప్పడం లేదు. ఐరోపా దేశాలలో ఈ మందుల మీద గత అయిదారేళ్ళలో రెండు సార్లు ఆంక్షలు వచ్చాయి. ఇక్కడ పార్లరు నడిపే వారిలో చాలా మందికి ఆ మందుల పేర్లే తెలియవు.

పళ్ళ డాక్టరు చేసిన గోరు

పెట్టుడు పళ్ళకూ, పెట్టుడు గోళ్ళకూ పేరులోనే కాక పుట్టుకలో కూడా చుట్టరికం ఉంది. అమెరికాలో ఫ్రెడరిక్ స్లాక్ అనే పళ్ళ డాక్టరు 1954లో పని చేసుకుంటూ ఉండగా తన గోరు విరిగిందట. పక్కనే ఉన్న పళ్ళ సామగ్రిలోని పొడి, ద్రవం కలిపి దానితోనే తాత్కాలికంగా ఒక గోరు చేసుకున్నాడు. అది గట్టిగా నిలబడడంతో తరువాత వ్యాపారమైంది. ఈనాటికీ మూల సూత్రం అదే.

పార్లర్లలో ప్రధానంగా మూడు పద్ధతులు కనిపిస్తున్నాయి. పొడి, ద్రవం కలిపి ముద్ద చేసి గోరు మీద పోసేది ఒకటి. దీనిని యాక్రిలిక్ అంటారు. రెండవది జెల్. బంక వంటి పదార్థాన్ని పూసి, నీలి వెలుగు ఇచ్చే చిన్న పెట్టెలో వేళ్ళు పెడితే గట్టిపడుతుంది. మూడవది తయారుగా వచ్చిన ప్లాస్టిక్ గోరును జిగురుతో అతికించడం. పేర్లు వేరైనా మూడింటిలోనూ ఉండేది ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలు. వాటిని యాక్రిలేట్లు, మెథాక్రిలేట్లు, సయనో యాక్రిలేట్లు అంటారు.

ఈ కుటుంబం గుణం తెలుసుకుంటే మిగతా కథంతా తేలికగా అర్థమవుతుంది. ద్రవంగా ఉన్నప్పుడు ఇవి విడివిడి రేణువులు. గట్టిపడినప్పుడు గొలుసులా ఒకదానినొకటి పట్టుకుంటాయి. సిమెంటు పాలు చేతికి తగిలితే చర్మం కొరికేస్తుంది, అదే సిమెంటు గచ్చు అయ్యాక దాని మీద పడుకున్నా ఏమీ కాదు. ఇదీ అంతే. పూర్తిగా గట్టిపడిన గోరు చాలా వరకు నిరపాయం. ప్రమాదమంతా గట్టిపడని ద్రవంలో, సగం సగం గట్టిపడిన బంకలో, అప్పుడే గట్టిపడిన గోరును ఆకురాయితో రాస్తే లేచే దుమ్ములో ఉంది.

మరి ఆ ద్రవం, ఆ దుమ్ము ఎవరికి ఎక్కువ తగులుతుంది? పెళ్ళికూతురికి జీవితంలో ఒకటి రెండు సార్లు. గోళ్ళు పెట్టే అమ్మాయికి రోజూ.

సబ్బు పడలేదనుకుంటే...

ఒక మండల కేంద్రంలోని పార్లరులో పనిచేసే అమ్మాయిని ఈ విలేఖరి పలకరించగా, ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు కొసలు పగిలి, పొరలు ఊడి కనిపించాయి. "గిన్నెల సబ్బు పడడం లేదన్నా. మూడు రకాలు మార్చాను. అయినా తగ్గలేదు" అని ఆమె చెప్పింది. ఆ మధ్య కళ్ళ రెప్పలు కూడా వాచాయని, దుమ్ముకేమోనని ఊరుకున్నానని అంది. పక్కనే ఉన్న యజమానురాలు కల్పించుకుని, "ఈ పనిలో చేతులు అలాగే ఉంటాయండీ, అలవాటైపోతుంది" అన్నది.

ఆ అమ్మాయికి వచ్చింది గోళ్ళ మందు వల్లేనని పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. సబ్బే కారణం కావచ్చు. అయితే ఆమె చెప్పిన లక్షణాలు, గోళ్ళు పెట్టేవారిలో మందు పడకపోతే కనిపిస్తాయని చర్మ వైద్యులు చెప్పే లక్షణాలతో సరిపోతున్నాయి. ఎదుటివారి వేలిని పట్టుకునేది ఆ రెండు వేళ్ళతోనే. ద్రవం కారితే తగిలేది వాటికే. ఆ చేతులతోనే ముఖం తుడుచుకుంటారు, కళ్ళు నులుముకుంటారు. రెప్పల మీది చర్మం చాలా పలచన కాబట్టి వేళ్ళ కంటే ముందు అక్కడే దద్దురు లేచేవారూ ఉన్నారు. రాకుడులో లేచిన సన్నటి దుమ్ము ఎగిరి ముఖం మీద, మెడ మీద పడినా అదే ఫలితం. వేలికి మందు పూస్తే కన్ను వాయడమేమిటని కారణం తట్టక కళ్ళ డాక్టరు చుట్టూ తిరిగేవారు ఉంటారనడంలో ఆశ్చర్యం లేదు.

"అలవాటైపోతుంది" అన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. కారం చేతులకు అలవాటు పడినట్లు ఈ మందుకు ఒళ్ళు అలవాటు పడదు. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. మిరప కళ్ళంలో తొడిమలు తీసే ఆడవారి చేతులు భగ్గున మండుతాయి. అది అప్పటికప్పుడు తెలిసే మంట, రెండు రోజులు కొబ్బరినూనె రాస్తే పోతుంది. గోళ్ళ మందు అలా కాదు. మొదటి నెల ఏమీ చేయదు. ఆరు నెలలు కూడా ఏమీ చేయకపోవచ్చు. లోలోపల శరీరం ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఒకసారి గుర్తు పెట్టుకున్నాక, ఆ తరువాత చుక్క తగిలినా ఒకటి రెండు రోజులకు దురద, ఎర్రదనం, నీటి పొక్కులు, పగుళ్ళు వస్తాయి. గోరు కింది చర్మం మందం కట్టి, గోరు పైకి లేచి ఊడిపోవచ్చు కూడా. తగిలిన రోజున కాక ఒకటి రెండు రోజుల తరువాత రావడం వల్ల కారణం ఏమిటో పట్టుకోవడం కష్టం. నిన్న తిన్న వంకాయ కూర మీద నింద పడుతుంది.

ఇలా పడకపోవడం మొదలైతే సాధారణంగా జన్మంతా ఉంటుంది. పూత మందులు రాస్తే దద్దురు తగ్గుతుంది గాని, ఆ గుణం పోదు. మళ్ళీ తగిలితే మళ్ళీ వస్తుంది. కొందరికి ఆవిరి పీల్చడం వల్ల ఆయాసం, ఉబ్బసం కూడా వస్తున్నట్లు వైద్య గ్రంథాలలో నమోదై ఉంది.

పోయేది చేతి చర్మమే కాదు

గోళ్ళ పనితో పోతే పోయింది, వేరే పని చూసుకోవచ్చు గదా అనుకునేవారికి ఒక ముఖ్య విషయం చెప్పాలి. ఈ రసాయన కుటుంబం ఆసుపత్రి నిండా ఉంది. పన్ను పుచ్చితే నింపే తెల్లటి సిమెంటు, పెట్టుడు పళ్ళ చిగురు, మోకాలి చిప్ప మార్పిడిలో ఎముకకు లోహాన్ని పట్టించే సిమెంటు, కొన్ని గాయాలకు కుట్లకు బదులు వేసే జిగురు, మధుమేహ రోగులు చేతికి అంటించుకునే చక్కెర కొలిచే బిళ్ళలలోని బంక - ఇవన్నీ ఆ కుటుంబానికి చెందినవే, లేదా దగ్గరి చుట్టాలు. ఇరవై ఏళ్ళ వయసులో గోళ్ళ మందు పడకుండా పోయిన అమ్మాయికి అరవై ఏళ్ళ వయసులో మోకాలి ఆపరేషన్ వద్ద చిక్కు రావచ్చు. అందరికీ వస్తుందని కాదు. కాని గోళ్ళ మందు పడని వారు ఆ సంగతి పళ్ళ డాక్టరుకు, ఎముకల డాక్టరుకు ముందే చెప్పుకోవాలి.

ఇది ఎంత మందికి వస్తుందన్న ప్రశ్న సహజం. బ్రిటన్, ఐర్లండు దేశాలలోని చర్మవ్యాధి కేంద్రాలలో 2017లో 4,931 మందిని పరీక్షించి, వారిలో 2.4 శాతం మందికి ఈ కుటుంబంలోని ఏదో ఒక రసాయనం పడడం లేదని తేల్చారు. వీరంతా చర్మ బాధతో ఆసుపత్రికి వచ్చినవారు. కనుక ఊరందరిలో నూటికి ఇద్దరికి అని లెక్క వేసుకోరాదు. ఆ ఫలితాలు వచ్చాక 2018లో బ్రిటన్ చర్మ వైద్యుల సంఘం ప్రజలను బహిరంగంగా హెచ్చరించింది. అంతకు ముందే, 2012లో, అమెరికాలో చర్మపు ఎలర్జీలను అధ్యయనం చేసే వైద్యుల సంఘం యాక్రిలేట్లను ఆ ఏటి ముఖ్య ఎలర్జీ కారకంగా ప్రకటించింది.

హేమ కాదు, హెమా

వీటిలో ఎక్కువ మందికి పడనిదిగా పేరుబడింది హైడ్రాక్సీ ఇథైల్ మెథాక్రిలేట్. ఇంత పేరు పలకలేక పొట్టిగా హెమా అంటున్నారు. వింటే మన పక్కింటి హేమ అనిపిస్తుంది గాని, గుణం వేరు. గోరుకు బంక గట్టిగా పట్టడానికి దీనిని కలుపుతారు. ఐరోపా కూటమి 2020లో చేసిన నిబంధన ప్రకారం, 2021 నుండి హెమా ఉన్న గోళ్ళ మందు మీద "వృత్తి నిపుణుల వాడకానికి మాత్రమే" అనీ, "ఎలర్జీ కలిగించవచ్చు" అనీ ముద్రించి తీరాలి. ఇంట్లో సొంతంగా పెట్టుకునేవారికి అమ్మరాదు. సొంతంగా పెట్టుకునేవారు చర్మం మీద కారుస్తారనీ, సరిగా గట్టిపడనివ్వరనీ కారణం.

రెండవ ఆంక్ష ఇటీవలిది. జెల్‌ను వెలుగులో గట్టిపరచడానికి కలిపే టి.పి.ఓ. అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుండి ఐరోపా కూటమి సౌందర్య సాధనాలలో పూర్తిగా నిషేధించింది. ఉన్న నిల్వలను అమ్ముకోవడానికి గడువు కూడా ఇవ్వలేదు. జంతువుల మీద చేసిన పరీక్షలలో సంతాన శక్తికి హాని కనిపించడం దీనికి కారణం. గోళ్ళు పెట్టుకున్న ఆడవారికి సంతానం కలగదని ఎక్కడా రుజువు కాలేదు. అలాంటి వదంతి లేపి కాపురాలలో గొడవలు పెట్టవద్దని మనవి. ముందు జాగ్రత్తగా తీసుకున్న నిర్ణయమిది.

చవక మందు సంగతి ఇంకొకటి. మిథైల్ మెథాక్రిలేట్ అనే ద్రవం అన్నింటి కంటే చౌక. ఇది గోళ్ళకు హాని చేసి చర్మాన్ని పాడు చేస్తున్నదని ఫిర్యాదులు రావడంతో, దానితో నిండిన గోళ్ళ మందులను 1970 దశకం తొలి రోజులలోనే అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కి మార్కెట్టు నుంచి తీయించింది. దాని గుర్తులు కొన్ని ఉన్నాయి. వాసన ముక్కు పగిలేలా ఉంటుంది. గోరు రాయిలా గట్టిపడుతుంది. మామూలు గోళ్ళు కరిగే ఎసిటోన్‌లో ఎంత నానబెట్టినా ఊడి రాదు. దేనికైనా తగిలినప్పుడు పెట్టుడు గోరు విరగకుండా, కింద ఉన్న సొంత గోరును వేరుతో సహా లాక్కుని వస్తుంది. తలుపు సందులో వేలు పడిన వారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇక జెల్ గట్టిపరిచే వెలుగు పెట్టె. అందులో వెలువడేది అతినీలలోహిత కిరణం. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రకటించిన ప్రయోగంలో, గాజు పాత్రలో పెంచిన జీవకణాలను ఈ వెలుగులో ఇరవై నిమిషాలు ఉంచగా 20 నుండి 30 శాతం చనిపోయాయి. అది పాత్రలోని కణాల లెక్క, మనిషి చేతి లెక్క కాదు. కాన్సరు వస్తుందని దీన్నిబట్టి చెప్పలేము. వేళ్ళ కొసలు కత్తిరించిన చేతి తొడుగు వేసుకుంటే ఆ భయం కూడా ఉండదు. మన పార్లర్లలో పెట్టెతో అసలు చిక్కు ఇంకొకటి. ఒక కంపెనీ బంక, ఇంకో కంపెనీ పెట్టె, మధ్యలో కరెంటు కోత. పైన గట్టిపడినట్లు కనిపించి అడుగున పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చి మందు రోజుల తరబడి చర్మానికి తగులుతూ ఉంటుంది. లావుగా పూసినా అంతే.

నూలు బట్ట మీద జిగురు చుక్క

ఇంట్లో అతికించుకునే వారిది వేరే ప్రమాదం. డబ్బాతో పాటు వచ్చే చిన్న సీసాలోని జిగురు, మనవాళ్ళు ఫెవిక్విక్ అని పిలుచుకునే రకానిదే. డబ్బాలో జిగురు అయిపోతే కొందరు చెప్పులు అతికించేదే వేలికి పూసుకుంటున్నారు. ఈ జిగురు నూలు బట్ట మీద పడితే ఒక్కసారిగా వేడెక్కుతుంది. బట్ట పొగలు కక్కి కింద చర్మం కాలేంత వేడి పుడుతుంది. నిప్పు లేదు, పొయ్యి లేదు, ఒక్క చుక్క జిగురుతో కాలిన గాయం! విదేశీ వైద్య పత్రికలలో ఇలాంటి పిల్లల గాయాలు చాలా సార్లు వచ్చాయి. మన ఆడపిల్లలు ఒళ్ళో పెట్టుకుని, నూలు లంగా మీద, నైటీ మీద ఈ పని చేసుకోవడం అందరం చూస్తున్నదే. పని బల్ల మీద చేయాలి. ఒళ్ళో చేయరాదు. పొరపాటున పడితే బట్టను పీకకుండా, ధారగా చన్నీళ్ళు ఇరవై నిమిషాలు పోసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పసుపు, పేస్టు, సిరా పూయరాదు.

వేళ్ళు అతుక్కుంటే కంగారు పడి లాగవద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. సీసా ఆకారం చూసి కంటి మందనుకుని కంట్లో వేసుకున్న ఉదంతాలు కూడా వైద్య పత్రికలలో ఉన్నాయి. చూపు ఆనని ముసలివారు ఉన్న ఇంట్లో కంటి చుక్కల సీసా పక్కన ఈ సీసా పెట్టకండి. అలా పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా నీళ్ళతో కడుగుతూ కంటి ఆసుపత్రికి పోవలసిందే.

ఊడదీసే ద్రవం గురించి ఒక మాట. ఎసిటోన్ పెట్రోలు లాగా భగ్గున అంటుకుంటుంది. వంటింట్లో గ్యాసు పొయ్యి దగ్గర కూర్చుని గోళ్ళు నానబెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దీనికంటే ప్రమాదమైన ఎసిటో నైట్రైల్ అనే ద్రవం ఒకప్పుడు అమెరికాలో గోళ్ళు ఊడదీయడానికి అమ్మేవారు. అది కడుపులో పడితే సైనైడుగా మారుతుంది. తాగిన పిల్లవాడు కొన్ని గంటల పాటు బాగానే కనిపిస్తాడు. ఆ తరువాత ప్రమాదం ముంచుకు వస్తుంది. పదహారు నెలల పసివాడు ఇలా చనిపోయిన ఉదంతం 1988లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 1990లో అక్కడ అలాంటి సీసాలకు పిల్లలు తెరవలేని మూత తప్పనిసరి చేశారు. ఏ ద్రవమైనా సరే, పిల్లలు తాగారని తెలిస్తే బాగానే ఉన్నాడు గదా అని ఇంట్లో ఉంచుకోరాదు. వాంతి చేయించరాదు. సీసా చేత పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆసుపత్రిలో పనిచేసేవారు పెట్టుకోరాదు

అమెరికాలోని ఓక్లహామా నగరంలో ఒక ఆసుపత్రి పసిపిల్లల వార్డులో 1997 జనవరి నుండి 1998 మార్చి వరకు సూడోమొనాస్ అనే సూక్ష్మజీవి వ్యాపించింది. 439 మంది పసికందులలో 46 మందికి సోకగా 16 మంది మరణించారు. విచారణలో ఇద్దరు నర్సుల చేతుల మీద ఆ సూక్ష్మజీవి దొరికింది. ఒకరివి పొడవాటి సొంత గోళ్ళు, మరొకరివి పెట్టుడు గోళ్ళు. గోళ్ళే కారణమని నూటికి నూరు పాళ్ళు రుజువు కాకపోయినా, అనుమానం అటే మొగ్గింది. పెట్టుడు గోరుకూ సొంత గోరుకూ మధ్య సందులో తడి నిలిస్తే అక్కడ క్రిములు కాపురం పెడతాయి. సబ్బుతో ఎంత కడిగినా పోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన చేతుల శుభ్రత సూత్రాలలో, రోగులను తాకే సిబ్బంది పెట్టుడు గోళ్ళు పెట్టుకోరాదనీ, సొంత గోళ్ళు కూడా అర సెంటీమీటరు దాటరాదనీ స్పష్టంగా ఉంది.

ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, ప్రైవేటు నర్సింగు హోముల ఆయాలు బాలింతలను, పసికందులను తాకుతారు. పెళ్ళికి పెట్టుకున్న గోళ్ళు తీయకుండానే విధులకు వస్తే అడగవలసిన బాధ్యత వైద్యాధికారులదే. బడిలో మధ్యాహ్న భోజనం వండేవారికి, అంగన్‌వాడీ ఆయాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంట చేసే చేతుల గోళ్ళు కత్తిరించి శుభ్రంగా ఉండాలి.

గోళ్ళు పెట్టుకున్న గృహిణికీ ఈ తడి బాధ తప్పదు. గిన్నెలు తోమడం, పేడ తీయడం, నాట్లు వేయడం - మన పల్లె ఆడవారి చేయి ఆరేదెప్పుడు? గోరు అంచు కొంచెం లేచిందంటే నీరు చేరి, గోరు ఆకుపచ్చగా మారుతుంది. దాని మీదే మళ్ళీ రంగు పూయించుకుంటే లోపల కుళ్ళుతుంది. పెళ్ళి ముచ్చట పదిరోజులలో తీరిపోతుంది గనుక, అంచు లేవక ముందే పద్ధతిగా తీయించుకోవడం మంచిది. పళ్ళతో కొరికి, పిన్నీసుతో గుచ్చి పీకితే సొంత గోరు పొర కూడా లేచి వస్తుంది.

కాన్పు దగ్గర పడిన ఆడవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో, 2020, 2021లలో, వేలికి తగిలించి ప్రాణవాయువు కొలిచే చిన్న పరికరం ప్రతి ఊరిలో చూశాము. ఆపరేషన్ బల్ల మీద మత్తు డాక్టరు నమ్ముకునేది దానినే. పెట్టుడు గోరు, ముదురు రంగు పూత ఉంటే అది తప్పు అంకె చూపవచ్చు, అసలు చూపకపోవచ్చు. సీమంతానికి పెట్టుకున్న గోళ్ళు ఆసుపత్రికి వెళ్ళే లోపు తీయించాలి. అర్ధరాత్రి నొప్పులు వస్తే అక్కడ ఎసిటోన్ కోసం వెతుక్కునే వ్యవధి ఉండదు.

తొడుగు వేస్తే చాలునా?

మళ్ళీ పార్లరు అమ్మాయిల దగ్గరకు వద్దాము. అసలు నష్టం జరుగుతున్నది వారికే. ఇంటర్ తప్పిన వారు, పెళ్ళయి భర్త సంపాదన చాలని వారు, ఒంటరి ఆడవారు మూడు నెలల శిక్షణ పొంది, డ్వాక్రా సంఘంలో అప్పు తీసి పార్లరు పెట్టుకుంటున్నారు. పొలం పని కంటే గౌరవంగా ఉందనీ, ఎండలో మాడే పని తప్పిందనీ చెబుతున్నారు. మంచిదే. కాని చేతులు పోతే అప్పు మిగులుతుంది. సాధారణంగా పదిమంది లోపు పనిచేసే చోట ఇ.ఎస్.ఐ. తప్పనిసరి కాదు. మన వైపు పార్లర్లలో ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు. అంటే చర్మం చెడితే వైద్యం ఖర్చు సొంతం, కూలి నష్టం సొంతం.

కొందరు జాగ్రత్తపరులు పల్చటి రబ్బరు తొడుగులు, ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటున్నారు. ఈ ద్రవాలు ఆ తొడుగులలో నుంచి కొద్ది నిమిషాలలోనే లోపలికి దిగుతాయి. తొడుగు ఉంది గదా అనే ధైర్యంతో చేతులు ఇంకా నిర్లక్ష్యంగా మందులో పెడతారు. లోపలికి దిగిన మందు చెమటతో కలిసి అక్కడే ఉండిపోతుంది. మందుల షాపులలో నీలి రంగులో దొరికే నైట్రైల్ రకం తొడుగులు కొంత మెరుగు. అవి కూడా ఎక్కువసేపు ఆగవు. మందు పడిన వెంటనే, మనిషి మనిషికీ మార్చాలి. కడిగి ఆరేసి మళ్ళీ వేసుకోవడం పనికిరాదు. ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు గోళ్ళ ధరలో కలుపుకోవలసిందే గాని అమ్మాయి చేతుల మీద మిగుల్చుకోరాదు.

అన్నిటి కంటే గట్టి రక్ష పని తీరులోనే ఉంది. మందు గోరు చుట్టూ ఉన్న చర్మానికి తగలకుండా సన్నని అంచు వదిలి పూయడం, కారితే వేలితో తుడవకుండా పుల్లకు దూది చుట్టి తీయడం, సీసా మూతలు వెంటనే బిగించడం, మందు అంటిన దూదిని మూత ఉన్న బుట్టలో వేయడం, రాకుడు పని చేసేటప్పుడు కిటికీ తెరవడం. ఏ.సి. గది అని తలుపులు బిడాయిస్తే ఆవిరి అంతా అక్కడే తిరుగుతుంది. గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. పని అయ్యాక చేతులు మామూలు సబ్బుతో కడగాలి. ఎసిటోన్‌తో కడిగితే చర్మం ఎండి పగిలి మందుకు దారి తీస్తుంది.

శిక్షణ కేంద్రాలలో జడలు, మేకప్, థ్రెడింగు నేర్పుతున్నారు. గోళ్ళ పని కూడా నేర్పుతున్నారు. ఈ జాగ్రత్తలకు ఒక్క పూట కేటాయిస్తే సరిపోతుంది. మహిళా సంఘాలకు అప్పులు మంజూరు చేసే అధికారులు ఈ విషయం మీద దృష్టి సారించవలసి ఉంది.

చేతులకు ఎంతకీ తగ్గని దురద, పగుళ్ళు ఉన్నవారు ఊళ్ళో ఇచ్చే పూత మందులతో కాలం గడపరాదు. ఆ పూతలలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసినన్నాళ్ళు తగ్గి, మానగానే మళ్ళీ వస్తుంది. పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళి తాము చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పాలి. వీపు మీద చిన్న చిన్న అట్టలు అంటించి, రెండు రోజుల తరువాత తీసి, మరో రెండు రోజులకు చూసే ప్యాచ్ పరీక్ష ఒకటి ఉంది. ఏ రసాయనం పడడం లేదో దానితో తేలుతుంది. వాడే మందు డబ్బా వెంట తీసుకుపోతే డాక్టరుకు పని సులువవుతుంది.

గోరింటాకు ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అమ్మమ్మలు అడుగుతున్నారు. రోట్లో రుబ్బిన ఆకు సంగతి వేరు. కాని అరగంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో జుట్టు రంగులో వాడే పి.పి.డి. అనే రసాయనం కలుపుతున్న సందర్భాలున్నాయి. అది చేతికి పడక బొబ్బలు లేచిన వారికి ఆ తరువాత జుట్టు రంగు కూడా పడదు. నిజమైన గోరింటాకు నల్లగా పండదు, అరగంటలో పండదు. జిగురు లేకుండా రెండు వైపులా అంటుకునే బిళ్ళలతో పెట్టుకునే గోళ్ళు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ద్రవం లేదు గనుక వాటితో ప్రమాదం తక్కువ. కాకపోతే పెళ్ళిలో వడ్డన చేస్తూ ఉండగా పాయసంలో ఒకటి ఊడిపడితే పరువు పోతుంది.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. మన దేశంలో సౌందర్య సాధనాలకు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి నంబరు, ఎప్పటి లోపు వాడాలో ఆ తేదీ, లైసెన్సు నంబరు, కలిపిన పదార్థాల పేర్లు ఉండాలి. విదేశం నుంచి వచ్చిన సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫ్యాన్సీ షాపులలో, ఫోనులో ఆర్డరిస్తే వచ్చే పొట్లాలలో అర్థం కాని పరభాషలో నాలుగు అక్షరాలు తప్ప ఇవేవీ లేని సీసాలు కనిపిస్తున్నాయి. అలాంటి వాటిని వాడిన పార్లరు అమ్మాయిని పట్టుకుని లాభం లేదు. ఆమెకు అంటగట్టిన హోల్‌సేలు వ్యాపారిని అడగాలి. ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టర్లకు మందుల షాపులనే కాక ఈ సరుకును కూడా తనిఖీ చేసి నమూనాలు తీసే అధికారం ఉంది. చీటీ లేని సీసా చేతికి వస్తే పారేయకుండా, కొన్న రసీదుతో సహా ఆ అధికారికి రాతపూర్వకంగా అందజేసి, అందినట్లు సంతకం తీసుకోవాలి.